సూదితో పాటు తోడు

నవంబరు 14న ప్రపంచ మధుమేహ దినం. అది దగ్గర పడుతున్నందువల్ల కాబోలు, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పిల్లల షుగరు గురించే ఉన్నాయి. మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ పేజీలన్నీ టైప్ 1 మధుమేహానికే ఇస్తున్నాను. నేను కాకినాడలో పిల్లల వార్డులో చాలాకాలం నర్సుగా పనిచేశాను. తరువాత మధుమేహం ఉన్న కుటుంబాలకు ఇన్సులిన్, తిండి, పరీక్షల సంగతులు నేర్పే పనిలోకి వచ్చాను. నా చిన్న కొడుక్కి ఏడో ఏట ఈ జబ్బు బయటపడింది. ఇప్పుడు వాడు బ్యాంకు ఉద్యోగి. కాబట్టి ఇక్కడ రాసేవి ఆసుపత్రిలోనూ, మా వంటింట్లోనూ చూసినవే. మోతాదులు మాత్రం నేను చెప్పను, అవి మీ డాక్టరు చెప్పాలి.

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. రెండు నెలల కిందట విపరీతంగా నీళ్లు తాగడం, రాత్రిళ్లు మాటిమాటికీ లేవడం మొదలైంది. బాగా చిక్కిపోయింది. ఒకరోజు వాంతులై స్పృహ తప్పితే కాకినాడ తీసుకువెళ్లాం. టైప్ 1 షుగరు అన్నారు. రోజుకు నాలుగు సూదులు వేస్తున్నాం. నేను కడుపుతో ఉన్నప్పుడు తీపి ఎక్కువ తిన్నందుకే ఇలా అయిందని మా అత్తగారు అంటున్నారు. మాది పి.గన్నవరం దగ్గర లంక. వరదొస్తే పడవే దిక్కు, కరెంటు ఉండదు. మా ఆయన కొబ్బరి దింపు పనికి వెళతారు. ఈ ఖర్చు తట్టుకోలేకపోతున్నాం. సాయం చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి మాట తేల్చుకుందాం. మీరు కడుపుతో ఉన్నప్పుడు తిన్న తీపికీ, పాపకు వచ్చిన జబ్బుకూ ఏ సంబంధమూ లేదు. పాప తిన్న చాక్లెట్లకూ లేదు. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే దారి తప్పి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను నాశనం చేసింది. మన డెల్టా వాళ్లకు ఆ తరువాతి కథ చెప్పడం తేలిక. కాలువ నిండా నీరున్నా తూము తెరవకపోతే చేను ఎండిపోతుంది. నెత్తురు నిండా చక్కెర ఉన్నా ఇన్సులిన్ లేనిదే అది కణాల్లోకి పోదు. అందుకే పాప తింటూనే చిక్కిపోయింది. మిగిలిన చక్కెర మూత్రంలో పోతూ నీటిని కూడా లాక్కుపోతుంది, అందుకే అంత దాహం. చక్కెర అందని ఒళ్లు కొవ్వును కరిగించుకుంటుంది. అప్పుడు కీటోన్లనే ఆమ్లాలు పేరుకుపోయి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, చివరికి స్పృహ తప్పడం.

పై పేరా మీ అత్తగారికి చదివి వినిపించండి. ఆవిడతో వాదం పెట్టుకోవద్దు, గ్లూకోమీటరు నేర్పండి. ఇంట్లో అందరికన్నా ఎక్కువ తప్పుపట్టిన పెద్దవాళ్లే వేలు గుచ్చి షుగరు చూడటం నేర్చుకున్నాక పిల్లకు గట్టి కాపలాగా మారడం నేను చాలా ఇళ్లలో చూశాను.

మీరు డబ్బు సాయం గురించి అడిగారు, చెబుతాను. దానికంటే ముందు కావలసింది మనుషుల సాయం. సూది వేసేది, షుగరు చూసేది, రాత్రి లేచేది అన్నీ మీరొక్కరే అయితే ఆరు నెలల్లో మీరు పడిపోతారు. మీరు పడుకున్నప్పుడు, ఊళ్లో లేనప్పుడు పాపను చూడగలిగే మనుషులను ఇప్పుడే తయారు చేసుకోండి. మీ అత్తగారు, పక్కింటి వాళ్లు, తరగతి టీచరు, ఆశా కార్యకర్త, రేవులో పడవ నడిపే అతను. వీళ్లందరికీ ఒక్కటే నేర్పాలి. పాపకు చెమటలు పట్టి, చేతులు వణికి, మొహం పాలిపోయి, ఊరికే విసుక్కుంటూ ఉంటే షుగరు పడిపోయినట్టు. మీటరులో 70 కంటే తక్కువ ఉంటే, మీటరు చేతిలో లేకపోయినా సరే, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. ఇంకా పెరగకపోతే మళ్లీ ఇవ్వాలి. తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. కొబ్బరి బొండం ఇస్తామంటారు మన వాళ్లు. అందులో చక్కెర తక్కువ, ఆ సమయానికి అది చాలదు. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏదీ పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు ఒరిగించి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి. పడవ నడిపే అతని ఫోను నెంబరు మీ గోడ మీద రాసి ఉండాలి.

ఇక డబ్బు. పిల్లలకు ఇన్సులిన్, షుగరు చూసే స్ట్రిప్పులు, శిక్షణ ఉచితంగా అందించే కార్యక్రమాలు ఉన్నాయి. 2009లో మొదలైన ‘ఛేంజింగ్ డయాబెటిస్ ఇన్ చిల్డ్రన్’ ఒకటి, ‘లైఫ్ ఫర్ ఎ చైల్డ్’ మరొకటి. రెండూ మన దేశంలో పనిచేస్తున్నాయి. వీటికి ఇంటి నుంచి దరఖాస్తు పెట్టడం కంటే ఆసుపత్రి ద్వారా వెళ్లడమే దారి. అందుకని ఈసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరు గారిని సూటిగా అడగండి: “టైప్ 1 పిల్లలకు ఉచిత ఇన్సులిన్ ఇచ్చే కార్యక్రమంలో మా పాపను నమోదు చేయగలరా? మీ దగ్గర లేకపోతే మాకు దగ్గరలో ఏ కేంద్రం ఉంది?” కాకినాడలో పిల్లల విభాగంలో అడగండి, అవసరమైతే విశాఖపట్నం కేజీహెచ్‌లో ఎండోక్రైనాలజీ (హార్మోన్ల జబ్బుల) విభాగం ఉంది. డిశ్చార్జి కాగితం, పరీక్షల రిపోర్టులు, ఆధార్, రేషన్ కార్డుల నకళ్లు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి ఎప్పుడూ వెంట ఉంచుకోండి. జిల్లా ఆసుపత్రిలో బీపీ, షుగరు రోగులకు నడిపే ఎన్‌సీడీ క్లినిక్కు ఉంటుంది. అక్కడ ఇన్సులిన్ ఉందేమో కనుక్కోండి. ఇన్సులిన్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్న మందు, 2022లో గ్లార్జిన్ రకాన్ని కూడా అందులో చేర్చారు. కాబట్టి అడగడానికి మొహమాటపడవద్దు.

కేరళ ప్రభుత్వం టైప్ 1 పిల్లల కోసమే ‘మిట్టాయి’ అనే పథకం నడుపుతోంది. అటువంటిది మన రాష్ట్రంలోనూ రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు కదా. ఒక్కరు వెళితే ఒక కాగితమే అవుతుంది, జిల్లాలో ఈ జబ్బున్న పిల్లల తల్లిదండ్రులు పదిమంది కలిసి అమలాపురం వెళితే దాని బరువు వేరు. ఆ పదిమందిని కలుసుకోవడం కూడా ఒక ఆసరా. ఆసుపత్రిలో మీ పక్కన కూర్చున్న తల్లి ఫోను నెంబరు తీసుకోవడంతో అది మొదలవుతుంది. మా వీధి అరుగు మీద నెలకోసారి కలుసుకునే కుటుంబాలు అలా చేరినవే. అక్కడ ఎక్కువగా దొరికేది డబ్బు కాదు. మా వాడు రాత్రి రెండింటికి 48 కి పడిపోయాడు అంటే, ఆ భయం వివరించి చెప్పనక్కర్లేని మనుషులు దొరుకుతారు.

వరద గురించి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని వినగానే, మీ ఇంట్లో నెలకు సరిపడా ఇన్సులిన్, సూదులు, స్ట్రిప్పులు ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే ఆ పూటే తెచ్చుకోండి. రెండో హెచ్చరిక దాకా ఆగవద్దు. మూత తీయని ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టే అర దగ్గర పెట్టకూడదు, ఒకసారి గడ్డకట్టింది ఇక పనికిరాదు. వాడుతున్న సీసా మామూలు గది చల్లదనంలో నాలుగు వారాల వరకు ఉంటుంది. తెరిచిన తేదీని దాని మీద పెన్నుతో రాయండి. కరెంటు లేనప్పుడు కుండ పద్ధతి ఉంది. పెద్ద మట్టికుండలో చిన్న కుండ పెట్టి, మధ్య సందులో ఇసుక నింపి తడపండి. ఇన్సులిన్‌ను మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి చిన్న కుండలో ఉంచి, పైన తడిగుడ్డ కప్పండి. గాలి ఆడే నీడలో, నేలకు ఆనకుండా ఇటుకల మీద పెట్టాలి. పొద్దున, సాయంత్రం ఇసుక తడపాలి. వేసవి పొడిగాలిలో ఇది బాగా పనిచేస్తుంది. వానాకాలపు తేమలో నీరు త్వరగా ఆవిరి కాదు కనుక చల్లదనం తక్కువే, కానీ అప్పుడు ఎండ కూడా ఉండదు. ఐసుముక్కలు దొరికితే సీసాకు తగలకుండా గుడ్డ చుట్టి దూరంగా పెట్టండి.

ఒక్క జాగ్రత్త మరచిపోవద్దు. సీసాలో వచ్చే ఇన్సులిన్ మన దగ్గర ఎక్కువగా 40 రకం (మిల్లీలీటరుకు 40 యూనిట్లు), దానికి ఎర్రమూత సిరంజి. పెన్నుల్లో వాడే గొట్టాల్లో ఉండేది 100 రకం, దానికి సిరంజి వాడవలసి వస్తే నారింజ మూతది. వరద శిబిరంలో ఎవరో సాయంగా ఇచ్చిన ఇన్సులిన్‌ను మీ దగ్గరున్న సిరంజితో వేశారనుకోండి, 100 రకాన్ని ఎర్రమూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు ఎక్కువ పోతుంది. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ఇద్దరు చూసిన తరువాతే వేయండి.

ప్రశ్న: నేను ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ, రెసిడెన్షియల్ కాలేజీలో చదువుతున్నాను. నాకు టైప్ 1 అని వార్డెనుకు తప్ప ఎవరికీ తెలియదు. బాత్రూములో సూది వేసుకుంటాను, ఎప్పుడూ కుడి తొడ మీదే. ఈ మధ్య ఒకరోజు 60, ఒకరోజు 350 చూపిస్తోంది. చదువు మీద మనసు నిలవడం లేదు. ఒక్కోసారి సూదులన్నీ మానేద్దామనిపిస్తుంది. ఊరు, పేరు రాయవద్దు.
– ఒక విద్యార్థి

జవాబు: బాబూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చివరి వాక్యానికి ముందు జవాబు చెబుతాను. సూదులు మానేయాలనిపించడం ఈ జబ్బు ఉన్న చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. సెలవు లేని పని కనుక విసుగు పుడుతుంది. దాన్ని సిగ్గుపడవలసిన సంగతిగా చూడకు. కానీ అది ఆలోచనగానే ఉండాలి. ఇన్సులిన్ మానేస్తే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అలా అనిపించిన రోజే ఇంటికి ఫోను చేసి అదే మాట, ఉన్నదున్నట్టు అమ్మతోనో నాన్నతోనో చెప్పు. ఇంట్లో చెప్పలేకపోతే టెలిమానస్ 14416కి చెయ్యి. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, పగలూ రాత్రీ ఉంటారు. బతకాలని లేదనే ఆలోచన ఎప్పుడైనా వస్తే ఒంటరిగా ఉండకు. ఇన్సులిన్ పెన్ను వార్డెను చేతికిచ్చి ఆయన పక్కనే కూర్చుని ఫోను చెయ్యి.

ఇప్పుడు ఆ కుడి తొడ సంగతి. ఈ రాత్రి పడుకునే ముందు, రోజూ పొడిచే చోట వేళ్లతో మెల్లగా నొక్కి చూడు. చర్మం కింద మెత్తగా, ఉబ్బుగా, పక్క చోటికంటే వేరుగా తగిలితే అక్కడ కొవ్వు పేరుకుందన్నమాట. ఒకే చోట పొడిస్తే అలా అవుతుంది. నొప్పి తెలియదు కనుక అక్కడే పొడవాలనిపిస్తుంది కూడా. కానీ ఆ గడ్డలో పడిన ఇన్సులిన్ ఒకరోజు నెత్తురులోకి సరిగా చేరదు, ఇంకోరోజు ఒక్కసారిగా చేరుతుంది. నీ 60కీ 350కీ ఇది పెద్ద కారణమై ఉండవచ్చు. పొట్ట, రెండు తొడలు, చేతుల పైభాగం, పిరుదులు మార్చుకుంటూ వేసుకోవాలి. ప్రతిసారీ కిందటి పోటుకు కనీసం ఒక వేలి వెడల్పు దూరంగా వెయ్యి. ఒక హెచ్చరిక: గడ్డ లేని చోటికి మారగానే అదే మోతాదు ఎక్కువగా పనిచేసి షుగరు పడిపోవచ్చు. అందుకని ముందు మీ డాక్టరుకు ఫోనులో చెప్పి, మార్చిన మొదటి రోజుల్లో ఎక్కువసార్లు చూసుకో.

బాత్రూములో దాక్కుని వేసుకోవడం వల్లే ఆ ఒక్క తొడకు అలవాటు పడ్డావని నా అనుమానం. నిలబడి, తొందరగా, ఎవరో తలుపు తడతారనే భయంతో వేసుకుంటే మనిషికి అందేది అదే. గదిలో నీ మంచం మీద కూర్చుని వేసుకోవాలంటే నీ గదిలో ఒక్కరికైనా తెలియాలి. అందరికీ చాటనక్కర్లేదు. నీకు నమ్మకమున్న ఒకడిని ఎంచుకో. “నా ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు, అందుకని బయటి నుంచి వేసుకుంటాను. ఇది అంటదు. రాత్రి నేను చెమటలతో తడిసి పిచ్చిగా మాట్లాడితే ఈ గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి తాగించు, లేవకపోతే నోట్లో ఏమీ పోయకుండా వార్డెనును లేపు” అని చెప్పు. ఇంతే. మా వాడు హాస్టలుకు వెళ్లినప్పుడు ఇలా చెప్పడానికి మూడు నాలుగు రోజులు తటపటాయించాడు. విన్న కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న, ఆ మీటరు తన వేలికి కూడా పెట్టి చూడొచ్చా అని. సూది మాత్రం కొత్తది వాడమన్నాం.

సాయంత్రం వాలీబాల్ గట్టిగా ఆడిన రోజు రాత్రి షుగరు పడిపోయే అవకాశం ఎక్కువ. ఆట అయిన చాలా గంటల తరువాత కూడా పడుతుంది. ఆ రోజు పడుకునే ముందు తప్పక చూసుకో, గ్లూకోజు పొట్లం దిండు కింద ఉంచుకో.

పరీక్షల గురించి నువ్వు అడగకపోయినా చెబుతాను. జేఈఈ మెయిన్ నిబంధనల్లో మధుమేహం ఉన్న అభ్యర్థులు చక్కెర బిళ్లలు, అరటి, ఆపిల్, నారింజ వంటి పండ్లు, పారదర్శకమైన సీసాలో నీళ్లు తీసుకుపోవచ్చని ఉంది. సీబీఎస్‌ఈ 2017లోనే తన పరీక్షలకు ఇటువంటి వెసులుబాటు ఇచ్చింది. 2023లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్, టైప్ 1 పిల్లలకు తరగతిలోనూ పరీక్ష గదిలోనూ షుగరు చూసుకునే, ఇన్సులిన్ వేసుకునే, తినే వీలు కల్పించమని రాష్ట్రాలకు రాసింది. ఇంటర్ పరీక్షకు డాక్టరు సర్టిఫికెట్ జతచేసి నెల ముందే ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు ఇవ్వు. సంతకం, తేదీ వేయించుకున్న నకలు నీ దగ్గర ఉంచుకో. పరీక్ష రోజు గేటు దగ్గర వాదించవలసిన అవసరం రాదు.

ఇదే జబ్బున్న నీ వయసు వాళ్లతో మాట్లాడాలనిపిస్తే పుణె కేంద్రంగా పనిచేసే బ్లూ సర్కిల్ డయాబెటిస్ ఫౌండేషన్ ఉంది, మధుమేహంతో బతుకుతున్న వాళ్లే నడుపుతున్నారు. నువ్వు క్రికెట్ చూసేవాడివైతే వసీం అక్రమ్ పేరు వినే ఉంటావు. 1997లో ఆయనకు మధుమేహం అని తేలింది. ఇన్సులిన్ వేసుకుంటూనే ఆడి వన్డేల్లో 502 వికెట్లు పూర్తిచేశాడు.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర, రొయ్యల చెరువులు చేస్తాం. మా బాబుకు ఆరేళ్లు, మూడు నెలల కిందట టైప్ 1 వచ్చింది. ఒకాయన పసరు మందు ఇచ్చారు. నిజంగానే ఇన్సులిన్ చాలావరకు తగ్గిపోయింది. పూర్తిగా మానేయవచ్చని ఆయన అంటున్నారు. మానేయమంటారా?
– ఒక తండ్రి

జవాబు: మానేయవద్దు. ఒక్క పూట కూడా మానేయవద్దు.

ఇన్సులిన్ అవసరం తగ్గిన మాట నిజమే, కానీ అది పసరు వల్ల కాదు. జబ్బు బయటపడి ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకు, చావకుండా మిగిలిన బీటా కణాలు కాస్త తేరుకుని కొన్నాళ్లు పనిచేస్తాయి. డాక్టర్లు దీన్ని హనీమూన్ దశ అంటారు. పసరు తాగిన పిల్లల్లోనూ, తాగని పిల్లల్లోనూ ఇది వస్తుంది. కొన్ని వారాలో, కొన్ని నెలలో ఉండి పోతుంది. సరిగ్గా ఈ సమయంలోనే మందులిచ్చేవాళ్లు తమ మందు పనిచేసిందని చెబుతారు, తల్లిదండ్రులు నమ్ముతారు. కళ్ల ముందు మోతాదు తగ్గుతుంటే నమ్మకపోవడం కష్టమే, మిమ్మల్ని నేను తప్పుపట్టను. కానీ ఈ దశలో ఇన్సులిన్ ఆపేసిన పిల్లలు కీటోన్లతో ఊపిరి ఎగబీలుస్తూ రావడం నేను వార్డులో చూశాను. అందరూ ఇంటికి వెళ్లలేదు.

1922 జనవరిలో టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలను ఆకలితో మాడ్చి కొద్ది నెలలు బతికించేవారు. దానికి మించి ఎవరి చేతిలోనూ మందు లేదు. ఈ రోజుకూ ఇన్సులిన్‌కు బదులుగా నోటితో తాగే పసరు గాని, బిళ్ల గాని లేదు.

జ్వరం వచ్చి బాబు ఏమీ తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు, డాక్టరును అడిగి మోతాదు సర్దుకోవాలి. షుగరు 250 దాటి వాంతులుంటే కీటోన్ల పరీక్ష చేయించండి. నోటి నుంచి పండిన పండు వాసన వచ్చినా, ఊపిరి లోతుగా వేగంగా తీస్తున్నా తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: ముమ్మిడివరం వైపు ప్రభుత్వ బడిలో పనిచేస్తున్నాను. మా ఏడో తరగతిలో టైప్ 1 ఉన్న బాబు చేరాడు. ఆటలకు పంపాలంటే భయంగా ఉంది. ఏమైనా అయితే నా మీదికి వస్తుందేమో.
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: టీచరు గారూ, మీ భయం నాకు తెలుసు. తెలియని జబ్బున్న పిల్లవాణ్ని నలభై మంది మధ్య చూసుకోవడం చిన్న పని కాదు. బాబు తల్లిని ఒక సాయంత్రం బడికి పిలిచి అరగంట కూర్చోండి. అతనికి షుగరు పడిపోయినప్పుడు మొదట కనిపించే గుర్తు ఏమిటో ఆవిడను అడగండి, అది పిల్లవాడికీ పిల్లవాడికీ మారుతుంది. కొందరు మగతగా బల్ల మీద తల వాలుస్తారు, కొందరు పక్కవాణ్ని కొడతారు. అల్లరి అనుకుని శిక్ష వేసే ముందు వేలు గుచ్చి చూడటం అలవాటు చేసుకోండి. మీ బల్ల సొరుగులో గ్లూకోజు పొడి, గ్లాసు, చెంచా ఉండాలి. సొరుగుకు తాళం ఉండకూడదు. షుగరు పడిందనిపించినప్పుడు ఆ బాబును ఆఫీసు గదికి ఒంటరిగా పంపవద్దు. మీటరు, గ్లూకోజు అతని దగ్గరికే రావాలి.

మధ్యాహ్న భోజనం దగ్గర జాగ్రత్త కావాలి. చాలామంది పిల్లలు అన్నానికి ముందు సూది వేసుకుంటారు. వేసుకున్నాక వంట ఆలస్యమైందంటే షుగరు పడిపోతుంది. కాబట్టి కంచంలో అన్నం పడ్డాకే సూది వేసుకోమనండి, అతన్ని వరుసలో ముందు నిలబెట్టండి. చిక్కీ ఇచ్చిన రోజు అతనికి మానిపించవద్దు, ఇంట్లో చెప్పిన లెక్క ప్రకారం తింటాడు. ఆటలకు తప్పకుండా పంపండి. ఆటకు ముందు షుగరు చూసుకోవాలి, తక్కువుంటే ఏదైనా తిని వెళ్లాలి. బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే వైద్య బృందానికి ఇతని పేరు రాయించండి.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు, పదేళ్లుగా టైప్ 1. పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. జబ్బు సంగతి పెళ్లయ్యాక చెప్పవచ్చులే అని మా పెద్దమ్మ అంటున్నారు. నాకు పిల్లలు పుడతారా?
– పాలకొల్లు అమ్మాయి

జవాబు: తల్లీ, పెద్దమ్మ గారు నీ మేలు కోరే అన్నారు, కానీ దాచవద్దు. దాచిన ఇంట్లో నువ్వు బాత్రూములోనే సూది వేసుకోవాలి. తిన్నా తినకపోయినా పెద్దల ఎదుట నవ్వుతూ కూర్చోవాలి, షుగరు పడినా చెప్పలేవు. అత్తవారింట్లో నీ మొదటి రాత్రే నీ పక్కన ఉన్న మనిషికి గ్లూకోజు ఎక్కడుందో తెలిసి ఉండాలి. సంబంధం మాట్లాడే దశలోనే, ఇద్దరూ విడిగా మాట్లాడుకునేటప్పుడు నువ్వే చెప్పు. ఏడుపు గొంతుతో కాదు, ఉద్యోగం గురించి చెప్పినట్టు చెప్పు. వెనక్కి వెళ్లేవాళ్లు వెళతారు. అది బాధే, కాదనను. అతను ప్రశ్నలు అడుగుతున్నాడంటే మంచి గుర్తు. ఒకసారి మీ డాక్టరు దగ్గరికి ఇద్దరూ వెళ్లండి.

పిల్లలు పుడతారు. టైప్ 1 ఉన్న తల్లులు ఆరోగ్యమైన బిడ్డలను కంటున్నారు. కానీ గర్భం అనుకోకుండా రాకూడదు, అనుకుని రావాలి. గర్భం రాకముందే మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ వీలైనంతవరకు 6.5 కంటే తక్కువకు తెచ్చుకోవాలి. బిడ్డ గుండె, వెన్ను ఏర్పడేది మొదటి వారాల్లోనే, అప్పటికి చాలామందికి గర్భం సంగతే తెలియదు. ఫోలిక్ ఆమ్లం ముందే మొదలుపెట్టాలి, కళ్లు, కిడ్నీలు పరీక్ష చేయించుకోవాలి. తల్లికి టైప్ 1 ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి ఐదు లోపే. ఆ లెక్క కూడా అతనికి చెప్పు.

ప్రశ్న: మాది ఆత్రేయపురం. మనవడికి పదేళ్లు, ఈ జబ్బు వచ్చింది. సంక్రాంతికి వస్తున్నాడు. ఇంట్లో పిండివంటలన్నీ చేసి వాడి ముందు ఎలా పెట్టను? ఈ ఏడు ఏమీ వండకూడదనుకుంటున్నాను.
– ఒక అమ్మమ్మ

జవాబు: అమ్మా, వండండి. తనవల్ల ఇంట్లో పండుగ ఆగిపోయిందని ఆ పిల్లవాడికి తెలిస్తే ఆ బాధ అరిసె తిననందుకు కలిగే బాధ కంటే పెద్దది. టైప్ 1లో తీపి నిషేధం కాదు, లెక్క. తిన్న పిండిపదార్థానికి తగిన ఇన్సులిన్ వేసుకోవాలి. ఆ లెక్కలో అన్నం కూడా ఉంటుంది. ఒక కప్పు అన్నంలో సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, చక్కెర కాదు కదా అని అందరూ మరచిపోయేది దాన్నే. మీ అమ్మాయి ఇంట్లో అన్నం ఏ కప్పుతో కొలుస్తారో అదే కప్పు వెంట తెమ్మనండి. మీరు వంట చేసేటప్పుడు బెల్లం, పిండి తూచి, మొత్తం ఎన్ని అరిసెలు వచ్చాయో లెక్కపెట్టి ఒక చీటీ మీద రాసి ఉంచండి. దాన్నిబట్టి ఒక అరిసెకు ఎంతో వాళ్ల అమ్మ కట్టుకుంటుంది. పూతరేకులైతే లోపల వేసే పంచదార లేదా బెల్లం పొడి చెంచాతో కొలిచి చుట్టండి, అన్నిట్లోనూ ఒకేలా ఉంటుంది.

తీపిని విడిగా సాయంత్రం పెట్టడం కంటే భోజనంతో కలిపి పెట్టండి, ఒకే సూదిలో సరిపోతుంది. పనసపొట్టు కూర, చేపల పులుసు, గుడ్లు అడ్డు లేకుండా పెట్టండి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకువెళితే ఎండలో చాలా నడక ఉంటుంది, షుగరు పడిపోవచ్చు. మీటరు, గ్లూకోజు, నీళ్లు మీ సంచిలోనే పెట్టుకోండి. ఇన్సులిన్‌ను ఎండలో ఆపిన కారులో వదలవద్దు.

ఊళ్లో ఎవరైనా “పాపం, ఇంత చిన్నవాడికి షుగరా” అని వాడి ఎదురుగా అంటే, వాడికి బదులు మీరే జవాబు చెప్పండి.

ప్రశ్న: వాడిన సూదులు ఎక్కడ పడేయాలి? చెత్తబుట్టలో వేస్తున్నాం.
– రావులపాలెం పాఠకురాలు

జవాబు: చెత్తబుట్టలో వేయవద్దు. పంచాయతీ బండి మీద వచ్చే వాళ్లు చేతులతో వేరుచేస్తారు, పొడుచుకుంటుంది. ఫినాయిలు డబ్బా వంటి మందమైన ప్లాస్టిక్ సీసాను కడిగి ఆరబెట్టి, మీద “సూదులు” అని పెద్ద అక్షరాలతో రాయండి. వాడగానే సూదిని, వేలు గుచ్చే లాన్సెట్టును అందులోనే వేయండి, మూత మళ్లీ సూదికి తొడగబోయి వేలు గుచ్చుకోవద్దు. ముప్పావు వంతు నిండగానే మూత బిగించి టేపు చుట్టి, దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుకు ఇవ్వండి. అక్కడి సూదులతో పాటు వీటినీ పంపిస్తారు.